చిన్న దెబ్బకు మెడ బెల్టు: ఎవరికి, ఎలా, ఎన్నాళ్లు

కాలువ గట్టు రోడ్డు మీద గొయ్యి కనపడక బండి ఎగిరిపడుతుంది. లేదా ఆగి ఉన్న ఆటోను వెనకనుంచి ఇంకోటి వచ్చి గుద్దుతుంది. లేదా రొయ్యల చెరువు గట్టు మీద కాలు జారి వెల్లకిలా పడతారు. ఆ పూటకు పెద్దగా ఏమీ అనిపించదు. మర్నాడు పొద్దున లేచేసరికి మెడ పట్టేసి ఉంటుంది, పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి. మధ్యాహ్నానికల్లా ఇంట్లోవాళ్లు మెడికల్ షాపు నుంచి స్పాంజి బెల్టు తెచ్చేస్తారు. కట్టుకుంటే హాయిగానే ఉంటుంది. ఇక నెల దాటినా అది మెడమీదనుంచి దిగదు.

ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు. అది నిజంగా చిన్న దెబ్బేనా అని తేల్చుకోకుండా బెల్టు కట్టేయడం ఒకటి. కట్టాక ఎప్పుడు తీయాలో అనుకోకపోవడం రెండోది. మెడ బెల్టు దెబ్బను మాన్పదు. బిగుసుకుపోయిన కండరాలకు రెండు మూడు రోజులు ఊతమిస్తుంది, అంతవరకే దాని పని. అందుకే కట్టిన రోజునే తీసే రోజు కూడా అనుకోవాలి.

చిన్న దెబ్బేనా?

మెడలో ఏడు పూసలుంటాయి. వాటిమీద నాలుగున్నర, ఐదు కిలోల తల నిలబడి ఉంటుంది. వెనకనుంచి గుద్దినప్పుడు తల ఒక్కసారి వెనక్కి వెళ్లి ముందుకు ఊగుతుంది. పూసల్ని పట్టి ఉంచే లిగమెంట్లు, కండరాలు సాగి అక్కడక్కడ సన్నగా చిరుగుతాయి. వాపు పుంజుకోవడానికి కొన్ని గంటలు పడుతుంది కాబట్టి నొప్పి మర్నాడు తెలుస్తుంది. నిజానికి ఇది కొంత మంచి సూచన. పూస విరిగినప్పుడు నొప్పి సాధారణంగా మర్నాటి దాకా ఆగదు, అప్పుడే మొదలవుతుంది.

ఎవరికి స్కాను కావాలి, ఎవరికి అక్కర్లేదు అని తేల్చడానికి 2001లో కెనడా వైద్యులు ఒక నియమం తయారుచేశారు. 16 ఏళ్లు నిండి, స్పృహలో ఉండి, మాటకు సరిగా జవాబు చెప్పే మనిషికే అది వర్తిస్తుంది. దాని ప్రకారం మూడు విషయాల్లో ఏ ఒక్కటి ఉన్నా మెడ తిప్పి చూడకూడదు, ముందు స్కాను తీయాలి. వయసు 65 గానీ అంతకు మించి గానీ ఉండటం, చేతుల్లోనో కాళ్లల్లోనో తిమ్మిరి లేదా సూదులు గుచ్చినట్టు ఉండటం, దెబ్బ తగిలిన తీరే ప్రమాదకరమైనది కావడం.

ఈ మూడోది మన దగ్గర అందరూ తేలిగ్గా తీసుకునేది, అందుకే దీన్ని వివరంగా చూడాలి. మూడడుగుల ఎత్తునుంచి గానీ ఐదు మెట్ల మీదనుంచి గానీ పడటం ప్రమాదకరమే. అంటే కొబ్బరి చెట్టు మీదనుంచి జారిన దింపు కార్మికుడు లేచి నడిచి ఇంటికొచ్చినా అది చిన్న దెబ్బ కింద లెక్క కాదు. నడినెత్తిన నిలువుగా పడే బరువు మరీ ప్రమాదం, ఎందుకంటే ఆ దెబ్బ తిన్నగా పూసల మీదికి దిగుతుంది. కొబ్బరికాయ నెత్తిన పడినా, లారీకెక్కించే ధాన్యం బస్తా జారి తలమీద పడినా జరిగేది అదే. ఎండాకాలం కాలువలు కట్టేశాక నీళ్లు మోకాలి లోతుకు దిగిన చోట, లోతుందనుకుని తలకిందులుగా దూకే కుర్రాళ్లకు తగిలేదీ ఇదే రకం దెబ్బ. చాలా వేగంగా పోతున్న వాహనం ఢీకొనడం, వాహనం బోల్తా పడటం, అందులోంచి బయటికి విసిరేసినట్టు పడటం, సైకిలు మీద పోతూ ఢీకొనడం కూడా ఈ జాబితాలోనివే.

ఇవేవీ లేకపోతే డాక్టరు తర్వాతి మెట్టుకు వెళ్తారు. దెబ్బ తగిలాక మనిషి నడిచాడా, కూర్చోగలుగుతున్నాడా, నొప్పి ఆలస్యంగా వచ్చిందా, మెడ వెనక నడిమధ్య పూసల గుబ్బలు చేతికి తగిలేచోట నొక్కితే నొప్పి లేకుండా ఉందా అని చూస్తారు. ఈ మంచి సూచనల్లో ఒకటైనా ఉంటేనే మెడ తిప్పమంటారు. ఎవరూ పట్టుకోకుండా తనంతట తాను మెడను కుడికి 45 డిగ్రీలు, ఎడమకు 45 డిగ్రీలు తిప్పగలిగితే, నొప్పిగా ఉన్నా సరే, ఎక్స్‌రే అవసరం ఉండదు. నొప్పి పక్క కండరాల్లో ఉందా, నడిమధ్య ఎముక మీద ఉందా అన్న తేడా చాలా ముఖ్యం. పక్కన ఉండే నొప్పి చాలావరకు కండరానిది. నడిమధ్య నొప్పి ఉంటే ఇంట్లో ప్రయోగాలు వద్దు, డాక్టరు చూడాలి.

మందు తాగి ఉన్న మనిషి ‘నాకేం నొప్పి లేదు’ అంటే ఆ మాటను లెక్కలోకి తీసుకోకూడదు. కాలో చెయ్యో విరిగి ఆ బాధలో ఉన్న మనిషికి మెడనొప్పి తెలియకపోవచ్చు. కీళ్లవాతం, ఎముకలు గుల్లబారడం, కేన్సరు ఉన్నవాళ్లు, ఏళ్లతరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడినవాళ్లు, ఇదివరకు మెడకు ఆపరేషన్ అయినవాళ్లు చిన్న కుదుపునైనా డాక్టరుకు చూపించుకోవాలి. చిన్నపిల్లలకు ఇంట్లో ఎవరూ బెల్టు కట్టకూడదు.

పెద్ద దెబ్బ అనుమానం ఉంటే బెల్టు జోలికే పోవద్దు. కూర్చోబెట్టవద్దు, బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తీసుకుపోవద్దు. పడ్డచోటే ఉంచి, తలకు రెండువైపులా చేతులానించి కదలకుండా పట్టుకుని 108కి ఫోన్ చేయాలి. హెల్మెట్ ఉంటే లాగకూడదు. ఊపిరి ఆడకపోతే మాత్రం దాని సంగతే ముందు చూడాలి. వాంతి అవుతుంటే తల, మెడ, నడుము ఒకే వరసలో ఉండేలా నలుగురు కలిసి ఒకేసారి పక్కకు తిప్పాలి. 108 వాళ్లు పెట్టిన గట్టి కాలర్‌ను ‘ఇబ్బందిగా ఉంది’ అని దారిలో ఊడదీయకూడదు. సీటీ స్కాను ఉన్న కాకినాడ జీజీహెచ్ (ప్రభుత్వాసుపత్రి) లాంటి పెద్దాసుపత్రికి చేరాక, డాక్టరు చూశాకే అది తీయాలి.

ఎక్స్‌రే కాగితం మీద రాసేది

నలభై దాటినవాళ్ల మెడ ఎక్స్‌రేలో ‘పూసలు అరిగాయి’ అని రావడం మామూలు. నొప్పి లేనివాళ్లకు తీసినా చాలామందికి అలాగే వస్తుంది. నిన్నటి దెబ్బకు ఆ అరుగుదల రాలేదు. అలాగే ‘మెడలో సహజమైన వంపు పోయి తిన్నగా అయింది’ అని రాస్తే ఇంటిల్లిపాదీ భయపడతారు. కండరాలు బిగుసుకున్నా, తల కొంచెం దించి నిలబడినా ఎక్స్‌రేలో ఆ వంపు కనపడదు. దానికోసం నెలలతరబడి బెల్టు వేయాల్సిన పనిలేదు.

ఇంకోవైపు, ఎక్స్‌రే బాగుంటే అంతా బాగున్నట్టు కాదు. భుజాలు అడ్డొచ్చి ఏడో పూస సరిగా కనపడకపోవడం తరచూ జరుగుతుంది. డిస్కులు (పూసల మధ్య ఉండే మెత్తలు), లిగమెంట్లు, నరాలు ఎక్స్‌రేలో అసలే కనపడవు. అనుమానం గట్టిగా ఉన్నప్పుడు డాక్టర్లు సీటీ అడిగేది, చేతుల్లో బలం తగ్గినప్పుడు ఎమ్మారై అడిగేది అందుకే.

ఏ బెల్టు, ఏ సైజు

షాపులో దొరికేవి ప్రధానంగా రెండు రకాలు. ఒకటి బనీను గుడ్డ తొడిగిన మెత్తటి స్పాంజి బెల్టు, దానికి వెల్క్రో ఉంటుంది. రెండోది ముందు భాగం, వెనక భాగం విడివిడిగా ఉండి గడ్డాన్ని మోసే గట్టి కాలర్. ఈ రెండోది పూస విరిగినవారికి, ఆపరేషన్ అయినవారికి డాక్టరు రాసేది. అలా రాసినది వారాలతరబడి ఉంటుంది. దాన్ని ఎప్పుడు తీయాలో, స్నానానికి ఎలా తీయాలో ఆ డాక్టరే చెప్పాలి. ఈ వ్యాసంలో చెప్పే రోజుల లెక్క వాళ్లకు వర్తించదు.

స్పాంజి బెల్టు మెడను ఆపదు. కట్టుకుని కూడా తల చాలావరకు తిప్పొచ్చు. అది చేసేదల్లా కాస్త వెచ్చదనం ఇవ్వడం, తల బరువులో కొంత మోయడం, ‘మెల్లగా’ అని గుర్తుచేయడం. విరిగిన పూసను అది పట్టి ఉంచలేదు. బెల్టు ఉందిగా అన్న ధైర్యంతో స్కాను వాయిదా వేసుకోవడం అన్నిటికంటే పెద్ద ప్రమాదం.

కొలత ఇంట్లో టైలరు టేపుతోనే తీయొచ్చు. కుర్చీలో తిన్నగా కూర్చుని ఎదురుగా చూడాలి. గడ్డం కింది అంచు నుంచి రొమ్ము ఎముక పైనుండే గుంట వరకు ఉన్న దూరం బెల్టు ఎత్తు. పెద్దవాళ్లలో చాలామందికి ఇది 3 నుంచి 4 అంగుళాల మధ్య ఉంటుంది. మెడ చుట్టుకొలత కంఠముడి కిందుగా తీయాలి. చిన్న, మధ్య, పెద్ద సైజుల పేర్లు కంపెనీని బట్టి మారతాయి కాబట్టి అంగుళాల్లో అడగండి. పొట్టి మెడ మనిషికి ఎత్తు బెల్టు కడితే తల వెనక్కి వాలిపోతుంది. అలా వాలినప్పుడు పూసల పక్కన నరాలు బయటికొచ్చే సందులు ఇరుకవుతాయి, అప్పటిదాకా లేని చేతినొప్పి మొదలవుతుంది. మరీ పొట్టి బెల్టయితే గడ్డం దాని మీదనుంచి జారి తల ముందుకు వాలుతుంది. పక్కింటివాళ్ల పాత బెల్టు తెచ్చుకుంటే వచ్చే చిక్కు ఇదే. ఎత్తు కుదరదు, నలిగిన స్పాంజిలో బలం ఉండదు, వెల్క్రో నిలబడదు.

కట్టేటప్పుడు గడ్డానికి వీలుగా గుండ్రంగా కోసిన భాగం ముందు, పైవైపుకు రావాలి. చాలామంది తలకిందులుగా కట్టేది ఇక్కడే. గడ్డం ఆ గుంటలో ఆనాలి, చూపు తిన్నగా ఎదుటి గోడ మీద ఉండాలి. తర్వాత రెండు కొసలూ మెడ వెనక కలిపి వెల్క్రో అంటించాలి. బెల్టుకూ మెడకూ మధ్య ఒక వేలు సులువుగా దూరాలి. రెండు మూడు వేళ్లు దూరితే వదులు. మింగుతుంటే పట్టేసినట్టున్నా, ముఖం ఉబ్బినట్టు ఎర్రబడినా, తల భారంగా ఉన్నా బిగువు ఎక్కువైంది. మెడ పక్కల రక్తనాళాల మీద ఒత్తిడి పడుతోందని అర్థం, వెంటనే వదులు చేయాలి.

గొలుసులు, నల్లపూసలు తీసేయాలి. పుస్తెలతాడు తీయడం ఇష్టం లేనివాళ్లు దాన్ని బెల్టు మీదుగా బయటికి వేసుకోవచ్చు. లోపల ఉంటే మాత్రం గంటలోనే చర్మంలోకి దిగి గుర్తులు పడతాయి.

ఎన్ని గంటలు, ఎన్ని రోజులు

మామూలు బెణుకుకు మొదటి రెండు మూడు రోజులు చాలు. వారం దాటించాల్సిన అవసరం చాలా అరుదు. ఇదివరకు బెల్టు, పూర్తి విశ్రాంతి అనేవారు. మెడ బెణికినవాళ్లను గమనించిన అధ్యయనాల్లో మొదటినుంచీ మెల్లగా కదిలించినవాళ్లే త్వరగా తేరుకున్నట్టు తేలాక వైద్యుల మాట మారింది. పని లేని కండరం రోజుల్లోనే బలం కోల్పోతుంది, కీళ్లు బిగుస్తాయి. అప్పుడు బెల్టు తీస్తే తల నిలవనట్టు అనిపిస్తుంది, భయంతో మళ్లీ కట్టేస్తారు. ఈ చక్రంలో పడ్డాక బయటపడటానికి దెబ్బ మానడానికి పట్టేదానికంటే ఎక్కువ రోజులు పడుతుంది.

ఇలా పాటిస్తే సరిపోతుంది. మొదటి రెండు రోజులు కూర్చున్నప్పుడు, ప్రయాణంలో కట్టుకోవచ్చు, కానీ ఏకధాటిగా రెండు గంటలకు మించకుండా. తీశాక కనీసం అరగంట విరామం. మూడు, నాలుగు రోజుల్లో ఆ సమయాన్ని సగానికి తగ్గించాలి. ఐదో రోజు నుంచి ఆటోలోనో బస్సులోనో కుదుపులున్న దారిలో మాత్రమే. వారానికి అల్మరాలో పెట్టేయాలి. తిండి తినేటప్పుడు తీసేయాలి, ఎందుకంటే గడ్డం దిగకపోతే మింగడం కష్టమై పొలమారుతుంది. డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప రాత్రి కట్టుకుని పడుకోకూడదు. దిండు ఒకటే, తల ఒంటితో సమంగా ఉండేంత మందం. పక్కకు పడుకుంటే భుజానికీ చెవికీ మధ్య ఖాళీ నిండాలి. బోర్లా పడుకోవడం ఆ వారం మానేయాలి.

బెల్టు కట్టుకున్న మనిషికి తన పాదాలు కనపడవు. దీన్ని ఎవరూ ముందు చెప్పరు. రేవు మెట్లు, నాచుపట్టిన బావి గట్టు, వరి గట్టు, నరసాపురం నుంచి సఖినేటిపల్లికి గోదావరి దాటించే పంటు ఎక్కేచోటు, డాబా మెట్లు, ఇవన్నీ అడుగు చూసుకుని వేయాల్సిన చోట్లే. ఒక చేత్తో పక్క ఆసరా పట్టుకోవాలి, లేదా ఆ నాలుగు అడుగులకు బెల్టు తీసేసి నడవాలి. పెద్దవాళ్లయితే తోడు లేకుండా మెట్లు దిగకూడదు. మెడ బెణుకుతో ఇంట్లో ఉన్నవాళ్లు తుంటి విరగ్గొట్టుకుంటే అది చాలా పెద్ద కష్టం.

బెల్టుతో బండి నడపకూడదు. పక్కకు తిరిగి వెనక వాహనాన్ని చూడలేరు, హెల్మెట్ అంచు బెల్టుకు తగిలి సరిగా కూర్చోదు. నొప్పి లేకుండా రెండు భుజాల మీదుగా చూడగలిగాకే బండి ముట్టుకోవాలి. బండి వెనక కూర్చున్నా కుదుపు అంతే. బస్సులో వెనక చక్రాల మీది సీట్లు వదిలేసి మధ్యలో కూర్చోవాలి.

చెమట

ఉక్కపోతలో స్పాంజి బెల్టు చెమటను పీల్చి అట్టే ఉంచుకుంటుంది. రెండో రోజుకల్లా గడ్డం కింద, చెవుల వెనక చెమటకాయలు లేస్తాయి, ఆ తర్వాత తామర అంటుకుంటుంది. షుగరు ఉన్నవాళ్లకు ఒరుసుకుపోయిన చోట పుండు పడితే త్వరగా మానదు. పాత పంచె గుడ్డను నాలుగు వేళ్ల వెడల్పున మడిచి బెల్టు కింద వేసుకుని, తడిసినప్పుడల్లా మార్చుకుంటే సగం ఇబ్బంది పోతుంది. మడత ఒకేచోట లావుగా పోగవ్వకూడదు. పౌడరు వేయవద్దు, చెమటతో ముద్దయి గరుకవుతుంది. కొబ్బరినూనె రాసి ఆ మీద బెల్టు కట్టవద్దు, చర్మం మెత్తబడి ఇంకా త్వరగా ఒరుసుకుంటుంది. తీసిన ప్రతిసారీ మెడ కడిగి, అద్ది ఆరనివ్వాలి. రోజూ అద్దంలో గడ్డం కింద చూసుకోవాలి.

బెల్టును సబ్బు నీళ్లలో చేత్తో ఉతికి, పిండకుండా తువ్వాలులో పెట్టి నొక్కి, నీడన గాలికి ఆరేయాలి. వెల్క్రో మూసి ఉతికితే నూలుపోగులు పట్టవు. వానాకాలంలో స్పాంజి లోపల ఆరడానికి ఒక రోజు పైనే పట్టొచ్చు. పైన పొడిగా కనిపించినా నొక్కితే చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టే. కాబట్టి ఉతికే రోజును బెల్టు లేకుండా గడిపే రోజుగా పెట్టుకోవడం మేలు.

తీసినప్పుడు చేయాల్సింది

స్కాను అవసరం లేని దెబ్బ అని తేలాక, మొదటి రోజునుంచే కదలిక మొదలుపెట్టొచ్చు. తిన్నగా కూర్చుని తలను మెల్లగా కుడికి, నొప్పి మొదలయ్యే అంచు వరకు తిప్పి వెనక్కి రావాలి. తర్వాత ఎడమకు. ఇలా 5 నుంచి 10 సార్లు, మెలకువగా ఉన్నంతసేపూ గంటకో రెండు గంటలకో ఒకసారి. నొప్పిని దాటి తోయకూడదు, తలను గుండ్రంగా తిప్పకూడదు. భుజాలు ఎత్తి దించడం, గడ్డాన్ని వెనక్కి లాక్కుని తలను తిన్నగా నిలపడం కూడా ఇందులో భాగమే. చేతిలోకి తిమ్మిరి దిగినా, కళ్లు తిరిగినా ఆపేసి డాక్టరుకు చెప్పాలి. మెడ దాదాపు పూర్తిగా తిరుగుతున్నప్పుడు బలం పెంచాలి. అరచేయి నుదుటికి ఆనించి, తల కదలకుండా 5 సెకన్లు మెల్లగా నెట్టాలి. అలాగే వెనక, రెండు పక్కల. ఒక్కోటి 5 సార్లు.

మొదటి రెండు రోజులు ఐసు ముక్కలు తువ్వాలులో చుట్టి 10–15 నిమిషాలు పెట్టొచ్చు, తర్వాత వేడి కాపడం. పారాసెటమాల్ పెద్దవాళ్లకు ఒక్కోసారి 500 మి.గ్రా. నుంచి 1 గ్రాము, ఆరు గంటల ఎడంతో, రోజుకు 4 గ్రాములు మించకుండా. లివరు జబ్బు ఉన్నవాళ్లు, రోజూ మద్యం తాగేవాళ్లు డాక్టరును అడగకుండా వేసుకోవద్దు. డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేయించుకుని నొప్పి పోయిందని పొలం పనికి దిగడం సరికాదు. అల్సరు, కిడ్నీ జబ్బు, బీపీ ఉన్నవాళ్లకు ఆ మందు హాని కూడా చేస్తుంది.

మెడ పట్టిందని సెలూన్‌లో ‘టక్’మనిపించుకోవడం, నాటు కట్టు వాళ్ల దగ్గర మెడ గుంజించుకోవడం అసలు చేయకూడదు. పూసల పక్కనుంచే మెదడుకు రక్తనాళాలు వెళ్తాయి. హఠాత్తుగా తిప్పితే ఆ నాళం లోపలి పొర చిరిగి పక్షవాతం రావచ్చు. దెబ్బ తగిలిన తర్వాతి రోజుల్లో, ఎవరూ తిప్పకపోయినా, కొత్తగా విపరీతమైన తలనొప్పి, ఒకటి రెండుగా కనిపించడం, మాట ముద్దగా రావడం, మూతి వంకర, నడకలో తూలడం వస్తే నిమిషం ఆలస్యం చేయకూడదు. రెండు చేతులూ మొద్దుబారడం, చేతిలో వస్తువు జారిపోవడం, మూత్రం ఆపుకోలేకపోవడం కూడా అంతే అత్యవసరం. ఇవేవీ లేకపోయినా వారానికి నొప్పి తగ్గుముఖం పట్టకపోతే మళ్లీ చూపించుకోవాలి. బెల్టు వాడకం పొడిగించడం దానికి జవాబు కాదు.

పనిలోకి తిరిగి వెళ్లడం పనిని బట్టి ఉంటుంది. నరసాపురం వైపు లేసు అల్లేవాళ్లు ఒడిలో దిండు పెట్టుకుని పనిని పైకి తెచ్చుకుంటే, ఇరవై నిమిషాలకోసారి తల ఎత్తి చూస్తే, రెండు మూడు రోజుల్లోనే కొద్దికొద్దిగా మొదలుపెట్టవచ్చు. సెల్‌ఫోను కూడా కళ్ల ఎత్తులో పట్టుకోవాల్సిందే. చెట్టెక్కేవాళ్లకు పైకి చూడటం, చేతులెత్తి నరకడం రెండూ నొప్పి లేకుండా వచ్చేదాకా పని వద్దు. తలమీద గంప మోసే ఆడవాళ్లు మెడ అన్నివైపులా తిరిగాక పావు బరువుతో మొదలుపెట్టి, మర్నాడు పొద్దున మెడ ఎలా ఉందో చూసుకుని పెంచుకోవాలి. 75 కిలోల ధాన్యం బస్తా మోసే జట్టు కూలీలు మాత్రం డాక్టరు మళ్లీ చూసి సరేననే దాకా బస్తా ఎత్తకూడదు. అప్పటిదాకా సంచులు కుట్టే పనో, కాటా దగ్గర పనో అడిగి తీసుకోవాలి.